వెనక మైదానంలో పన్నెండు నిమిషాలు

పోర్ట్ ఆర్థర్, టెక్సాస్
మే 11, 2016

లూషన్,

నీ పార్సెల్ నిన్న మధ్యాహ్నం అందింది. అందులో క్లబ్ టోపీ ఒకటి, చొక్కా ఒకటి, ఆటగాళ్ల సంఘం కొత్తవాళ్లకిచ్చే ఒప్పంద పుస్తకం ఒకటి ఉన్నాయి. టోపీ పక్కింటి యూలాకి ఇచ్చాను. పుస్తకాన్ని ఎక్కడైనా పడెయ్యమనీ నువ్వు చదవవనీ చీటీ రాశావు. నేను చదువుతాను. మూడు వందల పేజీలు, రోజుకి పాతిక చొప్పున ఈ నెల ఇరవై రెండుకి అయిపోతుంది.

ఫోన్ చేస్తానన్నావు. వద్దు. ఫోనులో నువ్వు "బాగానే ఉన్నాను నానమ్మా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. కాగితం మీద అబద్ధం ఆడడం నీకు చిన్నప్పటినుంచీ చేతకాదు. వారానికొక ఉత్తరం రాయి. అందులో మూడు విషయాలు ఉండాలి: ఏం తింటున్నావు, ప్రాక్టీసులో ఎన్నిసార్లు మనుషుల్ని పడేశావు, నిన్ను ఎన్నిసార్లు పడేశారు. తారీఖుతో సహా.

ఎందుకో నీకు తెలుసు. మీ తాతయ్య ఆల్టన్ అయిదేళ్లు ఇదే ఫుట్‌బాల్ ఆడాడు. ఆటల్లో ఆయనకి ఒక్క పెద్ద దెబ్బ తగల్లేదు. మెడ విరిగింది ప్రాక్టీసులో, 1971 జూలైలో, అదే పూట మూడోసారి చేయించిన, ఎదుటివాణ్ణి గుద్ది పడేసే టాకిలింగ్‌లో. తరవాత బతికిన ముప్ఫై ఆరేళ్లూ ఎడమ చేత్తో చెంచా పట్టుకోలేకపోయాడు. ఆటలో తగిలిన దెబ్బ పత్రికలో వస్తుంది. ప్రాక్టీసులో తగిలింది ఎవరూ రాసిపెట్టరు. అందుకని నేను రాసిపెడతాను.

ఇక్కడ ఎండ మండిపోతోంది. రిఫైనరీ వాసన మామూలే.

నీ నానమ్మ,
వెర్లీన్ బటీస్ట్


హోటల్, 412వ గది
మే 27

నానమ్మా,

తింటున్నాను. గుడ్లు, అన్నం, కోడిమాంసం, మళ్లీ గుడ్లు. ఇక్కడివాళ్లు మన గంబో పులుసు అని ఏదో వండారు. నువ్వు చూస్తే వంటవాణ్ణి బెంచీ ఎక్కిస్తావు.

నీ లెక్క ఇదిగో. అసలు ప్రాక్టీసులో పడేసినవి సున్నా, పడినవి సున్నా. వసంతకాలంలో ఇక్కడ ఎవరినీ పడెయ్యకూడదు. ప్యాడ్లు ఉండవు, హెల్మెట్ ఒక్కటే. బంతి పట్టుకుని ఎవడైనా పక్కనుంచి పరిగెత్తితే రెండు చేతులతో వాడి నడుం తట్టి వదిలెయ్యాలి. అంతే. తట్టడానికి కాళ్లలో వేగం కావాలి. నాకంటే వేగంగా పరిగెత్తేవాళ్లు ఇక్కడ పదకొండు మంది ఉన్నారు. మొదటి రెండు రోజులూ నేను ఉన్నట్టే ఎవరూ గమనించలేదు. క్లబ్‌లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని వాణ్ణి, తొంభై మందిలో తొంభయ్యోవాణ్ణి.

మూడో రోజు అదృష్టం తిరిగింది. కోచ్ గాంబ్రెల్ అని, మా లైన్‌బ్యాకర్ల కోచ్, అడ్డుకుని పడేసేవాళ్లకి నేర్పేవాడు, ప్రాక్టీసు అయిపోయాక కొత్తవాళ్లని ఆరుగురిని వెనక మైదానానికి రమ్మన్నాడు. ఇష్టమైతేనే రావచ్చన్నాడు. ఆరుగురం వెళ్లాం. పది గజాల దూరం, ఒకడు బంతితో వస్తాడు, ఇంకొకడు పడెయ్యాలి. పన్నెండు నిమిషాలు. నేను ఏడుసార్లు పడేశాను, నానమ్మా. ఒక్కడు కూడా నన్ను దాటలేదు. గాంబ్రెల్ నోట్లోంచి ఈల తీసి, "టెక్సాస్, ఇంతసేపూ ఎక్కడ దాక్కున్నావురా?" అన్నాడు.

నా గదిలో ఉండేవాడు హోలిస్ ప్రూట్, ఆ ఆరుగురిలో ఒకడు. ఓక్లహోమా, పశువుల కొట్టాల మధ్య పెరిగాడు. బంతి పట్టుకునేది ఎక్కువగా అతనే, కాబట్టి పడేది ఎక్కువగా అతనే. రాత్రి నడుముకి ఐసు కట్టుకుని, "మీ ఊళ్లో ఆవుల్ని కూడా ఇలాగే పడేస్తారా, ముందు నమస్కారం అయినా చెబుతారా?" అని అడిగాడు. మంచివాడు.

లూషన్


పోర్ట్ ఆర్థర్
మే 31

లూషన్,

ఉత్తరం ఇవాళ పదకొండున్నరకి అందింది.

పుస్తకం ఇరవై రెండునే ముగించాను. వసంతకాలం ప్రాక్టీసుల్లో ఆటగాళ్లు ఒకరినొకరు గుద్దుకోవడం నిషిద్ధమని అందులో స్పష్టంగా ఉంది. ఎదురెదురుగా ఇద్దరిని నిలబెట్టి చేయించేది ఏదీ ఉండకూడదనీ ఉంది. "ప్రాక్టీసు అయిపోయాక" అన్న మాటకి ఎక్కడా మినహాయింపు లేదు. నేను రెండుసార్లు వెతికాను. ముప్ఫై ఎనిమిదేళ్లు బీజగణితం చెప్పినదాన్ని, పాఠం అయిపోయాక చేసిన తప్పు కూడా తప్పే అని నాకు తెలుసు.

ఇష్టమైతేనే రావచ్చన్నాడని రాశావు. రాకపోతే ఏమవుతుందో అడిగావా?

ఇకనుంచి నాకు పూర్తి వివరాలు కావాలి. ఆ వెనక మైదానానికి ఏ తారీఖున, ఎన్ని గంటలకి వెళ్లారు, ఎన్ని నిమిషాలు, ఎందరు, ఎవరికేం తగిలింది. సుమారుగా రాయకు. సుమారు నాకు పనికిరాదు.

యూలా ఆ టోపీ పెట్టుకుని చర్చికి వస్తోంది. నీ గురించి అందరికీ చెబుతోంది.

నీ నానమ్మ,
వెర్లీన్ బటీస్ట్


హోటల్, 412వ గది
జూన్ 4

నానమ్మా,

నీకు టాకిలింగ్ మీద ఇంత ఆసక్తి ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు. తిడతావనుకున్నాను. వివరాలు అడిగావు, చాలా సంతోషం వేసింది. చూసుకో:

మే 26, పన్నెండూ పదికి మొదలు, పన్నెండు నిమిషాలు. ఏడు.
మే 31, పన్నెండూ ఇరవైకి, పన్నెండు నిమిషాలు. తొమ్మిది.
జూన్ 1, పన్నెండూ పదిహేనుకి, పద్నాలుగు నిమిషాలు. ఎనిమిది.
జూన్ 2, పన్నెండూ పదికి, పన్నెండు నిమిషాలు. పది.

అన్నీ నేను పడేసినవే. నేను పడినవి మొత్తం మీద మూడు.

గురువారం పదోది హోలిస్. కొంచెం గట్టిగా తగిలాను. భుజం కీలు పక్కకి జరిగింది. నేనే లేపాను. వాడు నవ్వడానికి ప్రయత్నించి, "నమస్కారం చెప్పడం మర్చిపోయావు" అన్నాడు. నాలుగు వారాలు చెయ్యి కదపకూడదట. ఐసు గదిలో నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటున్నాడు. చికిత్స చేసేవాళ్లు అన్నీ రాయమంటారు. నిన్న నన్ను ఆ రోజు ఎన్ని నిమిషాలు చేశామని కూడా అడిగాడు.

బాధగానే ఉంది. కానీ నిజం చెప్పాలి. గాంబ్రెల్ తన గదిలో బోర్డు మీద పేర్లు రాస్తాడు. నా పేరు అడుగున ఉండేది. ఇప్పుడు రెండో వరసలో ఉంది. వచ్చే వారం ప్రాక్టీసు లేదు. ఆ పై వారం బుధ, గురువారాలు వసంతకాలంలో ఆఖరి రెండు ప్రాక్టీసులు. ఆ రెండు రోజులూ నన్ను పెద్దవాళ్లతో కలిపి నిలబెడతానన్నాడు. పెద్ద కోచ్ చూస్తాడు. ఆ రెండు రోజులే నా పరీక్ష.

పుస్తకంలో రాసింది నిజమే. కానీ అది పదేళ్లుగా ఆడుతున్నవాళ్లకి, నానమ్మా. వాళ్లని ఎవరూ మళ్లీ చూడక్కర్లేదు. నన్ను చూడాలంటే నేను ఎవడినో ఒకడిని పడెయ్యాలి. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఈ లెక్క మన మధ్యే ఉండనీ.

లూషన్


పోర్ట్ ఆర్థర్
జూన్ 8

లూషన్,

హోలిస్ ప్రూట్ భుజం గురించి చదివాను. వాళ్ల అమ్మకి ఎవరైనా కబురు చేశారా?

నువ్వు పంపిన వివరాలు శుభ్రంగా ఉన్నాయి. వాటిని పట్టికలో దింపాను. అవి చేరవలసిన చోటికి సోమవారమే వెళ్లాయి. దాని గురించి నువ్వు ఆలోచించకు. నిన్ను ఎవరైనా ఏదైనా అడిగితే, నాకు తెలియదని చెప్పు. అది అబద్ధం కాకూడదనే ఇంతకంటే రాయడం లేదు.

నీ పరీక్ష రోజుల్లో ఉదయం పూట కడుపు నిండా తిను.

నీ నానమ్మ,
వెర్లీన్ బటీస్ట్


హోటల్, 412వ గది
జూన్ 14

నానమ్మా,

నా కోసం చర్చిలో ప్రార్థన పెట్టించావని అర్థమైంది. చేరవలసిన చోటికి వెళ్లాయన్నావు కదా. యూలాకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. కానీ ఆ ప్రార్థన ఎవరూ విన్నట్టు లేదు.

పొద్దున అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. ఆటగాళ్ల సంఘానికి ఎవరో ఫిర్యాదు పంపారు. మామూలు ఫిర్యాదు కాదు, తారీఖులు, గంటలు, నిమిషాలతో పట్టిక. సంఘంవాళ్లు క్లబ్ దగ్గర్నుంచి ప్రాక్టీసు వీడియోలు తెప్పించుకుని చూశారు. టవరు మీది కెమెరాకి వెనక మైదానం మూల కనిపిస్తుందని గాంబ్రెల్‌కి కూడా తెలియదు. పట్టికలోవి నిమిషంతో సహా సరిపోయాయి. శిక్షగా ఆఖరి రెండు ప్రాక్టీసులు రద్దు. రేపూ ఎల్లుండీ.

పెద్ద ఆటగాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకి రెండు రోజులు సెలవు. మాకీ అనే ఒకతను, పదేళ్లుగా ఆడుతున్నవాడు, చేపలు పట్టడానికి పడవ బుక్ చేసుకున్నాడు, అక్కడే, హాల్లోనే. మేం ఆరుగురం మాత్రం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. శిక్ష క్లబ్‌కి అన్నారు. క్లబ్‌కి ఏం పోయింది? పోయినవి నా రెండు రోజులు.

ఇది ఎవరు చేశారో అందరికీ తెలుసు. నోటుబుక్కుతో తిరిగేవాడు ఒక్కడే. మాకీ నన్ను పిలిచి అడిగాడు, మీ గదివాడు ఏమైనా అనేవాడా అని. నిమిషాలు అడిగాడని చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? అడిగాడు కదా. మధ్యాహ్నానికి హోలిస్ అల్మరాకి ఎవరో ఒక పెన్సిల్, చిన్న నోటుబుక్కు టేపుతో అంటించారు. భోజనానికి అతను కూర్చున్న బల్ల దగ్గర్నుంచి నలుగురు లేచిపోయారు. అందులో నేనూ ఉన్నాను.

అతను నా దగ్గరికి వచ్చి, "నువ్వు కూడానా?" అన్నాడు. నేను పళ్లెం తీసుకుని బయటికి వెళ్లాను. నేను భుజం జరిపాను, వాడు నా జీవితం జరిపాడు, చెల్లుకు చెల్లు అనుకున్నాను. గది మార్చేసుకున్నాడు.

లూషన్


పోర్ట్ ఆర్థర్
జూన్ 17, ఉదయం
(మరుసటి రోజే చేరే తపాలా)

లూషన్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను.

హోలిస్ ప్రూట్ ఫిర్యాదు చెయ్యలేదు. నేను చేశాను. జూన్ ఆరున, నా పేరుతో, నా చిరునామాతో, నా సంతకంతో. పేరు బయటపెట్టబోమని సంఘంవాళ్లు రాశారు. నేను అడగలేదు. అది వాళ్ల పద్ధతి.

నేను చేసినదాంట్లో ఒక్క అంకె తప్పు లేదు. నియమం ఉంది. దాన్ని మీరారు. ఒక పిల్లవాడి భుజం పోయింది. మరో వారం ఆగితే పోయేది నీ మెడ కావచ్చు. మీ తాతయ్య రోజుల్లో ఇలాంటి పుస్తకం ఉంటే, దాన్ని చదివే మనిషి ఒకరుంటే, ఆయన తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకునేవాడు. ముప్ఫై ఆరేళ్లు ఆ బొత్తాలు నేను పెట్టాను.

శిక్ష నీ రెండు రోజుల మీద పడుతుందని నాకు తోచలేదు. క్లబ్‌కి శిక్ష వేస్తే క్లబ్ మీదే పడుతుందనుకున్నాను. అది నా తప్పు.

హోలిస్ విషయం వేరు. నువ్వు ఈ ఉత్తరం అందిన గంటలో కోచ్ దగ్గరికి వెళ్లి, ఇది చూపించి, నిజం చెప్పాలి. ఇక్కడ నీకు రెండో మార్గం లేదు. ఆ పిల్లవాడి చిరునామా నాకు పంపు.

నీ నానమ్మ,
వెర్లీన్ బటీస్ట్


ఓక్లహోమా, దారిలో ఒక మోటెల్
జూన్ 22

నానమ్మగారికి,

మీ ఉత్తరం శనివారం పొద్దున హోటల్ తాళంచెవి తిరిగి ఇస్తుంటే చేతికొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నమే క్లబ్ నన్ను తీసేసింది. హోలిస్‌ని అంతకు ముందురోజే పంపేశారు, చేతికి కట్టుతోనే.

తీసేసేటప్పుడు గాంబ్రెల్ నాతో మర్యాదగానే మాట్లాడాడు. పెద్ద కోచ్‌కి నిన్ను చూపించడానికి నా దగ్గర ఏమీ లేదురా టెక్సాస్, అన్నాడు. తట్టడంలో నువ్వు అందరిలాంటివాడివే. పడేసినవి ముప్ఫై నాలుగు ఉన్నాయి, అవన్నీ సంఘంవాళ్ల దగ్గర సాక్ష్యంలో ఉన్నాయి. వాటిని మేం ఎవరికీ చూపించకూడదు, అవి జరగనే లేదని మా వాదన, అని కూడా అన్నాడు.

మీరు చెప్పినట్టే చేశాను. శనివారం గంటలోపే తిరిగి వెళ్లాను. గాంబ్రెల్ పార్కింగ్‌లో దొరికాడు. మీ ఉత్తరం ఇచ్చాను. కారు మీద ఆనుకుని మొత్తం చదివి, మీ వయసెంతని అడిగాడు. నవ్వాడు. "డెబ్బై రెండేళ్ల ముసలావిడ మూడు వందల పేజీల ఒప్పందం చదివి, నా మీద నిమిషాల పట్టిక వేసిందా? నీ స్నేహితుణ్ణి కాపాడాలంటే ఇంతకంటే మంచి కథ అల్లుకుని రావాలి," అన్నాడు. మా నానమ్మ నిజంగానే అలాంటిదని చెప్పాను. సంతకం చూపించాను. "సంతకం నువ్వు కూడా పెట్టగలవు," అన్నాడు.

కారు తలుపు తెరిచాడు. అప్పుడు చెప్పాను. హోలిస్ కాదు, మా నానమ్మ కాదు, నేనే రాశానని. తారీఖులన్నీ చూడకుండా ఒప్పజెప్పాను. జూన్ ఒకటిన పద్నాలుగు నిమిషాలని ఆ ఆరుగురిలో ఇంకెవడికీ తెలియదు.

అది నమ్మాడు. తిట్టలేదు. అక్కడే ఫోన్ తీసి ఎవరితోనో హోలిస్ గురించి మాట్లాడాడు. భుజం బాగైతే జూలై శిబిరానికి అతన్ని మళ్లీ పిలుస్తారు.

ఇంకో క్లబ్ నన్ను మంగళవారం పరీక్షకి రమ్మంది. మీకు రాయలేదు, వెళ్లొచ్చాక రాద్దామనుకున్నాను. సోమవారం ఫోన్ చేసి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. కోచ్‌లు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఇకమీదట ఎవరూ పిలవరు.

నిన్న హోలిస్ ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు. హోలిస్ బయటికి వచ్చాడు. కోచ్‌తో చెప్పిందే అతనితోనూ చెప్పాను, నేనే రాశానని. ఎందుకంటే రాసింది నేనే. అంకెలన్నీ నావే. అతను కొట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు. "రాసినందుకు కాదు. రాసి, ఆ బల్ల దగ్గర్నుంచి ఎలా లేచావు?"

మీ గురించి చెబితే దానికి సమాధానం దొరికేది. చెప్పలేదు. అలాంటి నానమ్మ ఉంటుందంటే అతనూ నవ్వేవాడు.

ఇక్కడ ఒక పశువుల సంతలో పని దొరికింది. కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను. మీరు సంఘానికి గానీ, క్లబ్‌కి గానీ, హోలిస్‌కి గానీ ఇంకొక ఉత్తరం రాయొద్దు. రాస్తే ఈసారి అతని అవకాశం పోతుంది. నన్ను ఇంకెప్పుడూ కాపాడొద్దు.

లూషన్ బటీస్ట్


పోర్ట్ ఆర్థర్
జూన్ 27

లూషన్,

ఉత్తరం అందింది. నన్ను మీరు అని రాశావు. ఇంటిపేరుతో సంతకం పెట్టావు. చూశాను.

హోలిస్ ప్రూట్‌కి రాసిన ఉత్తరం కవరులో పెట్టి ఉంచాను. నువ్వు వద్దన్నావు కాబట్టి చింపేశాను. అది నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు నేను ఎందుకు సరిగ్గా చేశానో రాశాను. చింపే ముందు చదువుకున్నాను.

నువ్వు చెయ్యని పనిని చేశానని చెప్పుకోవడం నాకు నచ్చలేదు. నీ చిన్నప్పుడు ఆ పనికి నిన్ను గోడవైపు నిలబెట్టేదాన్ని. కానీ నేను వెళ్లి చెప్పినా ఎవరూ నమ్మరని తెలిశాక, నీకు ఏ నిజం మిగిలిందో నాకు తెలియడం లేదు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు.

యూలా నిన్న టోపీతో వచ్చి, మనవాడు ఎప్పుడు టీవీలో కనిపిస్తాడని అడిగింది. తీసేశారని చెప్పాను. ఎవరి వల్ల అంది. నా వల్ల అన్నాను. ముసలివాళ్లు అన్నీ నెత్తినేసుకుంటారని నన్ను ఓదార్చి వెళ్లింది.

ఒక్క విషయం రాసి ముగిస్తాను. జూన్ ఎనిమిదిన, నిన్ను ఎవరైనా అడిగితే నువ్వు అబద్ధం ఆడనవసరం లేకుండా ఉండాలని నీకు చెప్పలేదని రాశాను. నువ్వు దాన్ని నమ్మావు. నేను కూడా నమ్మాను. అది నిజం కాదు. ఈ లెక్క మన మధ్యే ఉండనీ అన్న నీ ఉత్తరం జూన్ ఆరు ఉదయం పదకొండున్నరకి వచ్చింది. తపాలా కార్యాలయం నాలుగున్నరకి మూస్తారు. నిన్ను అడగడానికి నాకు అయిదు గంటల సమయం ఉంది, ఇంట్లో ఫోన్ ఉంది. అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు.

వెర్లీన్